మేకులక్క రాగి కొండ

మా అక్క నోట్లో ఎప్పుడూ మేకులుంటాయి. అందుకని ఈ సంగతి నేను చెప్పాల్సి వస్తోంది. తను చెప్పదు. చెప్పడానికి నోరు ఖాళీగా ఉండొద్దూ!

సోఫాలకీ కుర్చీలకీ కొత్త గుడ్డ వేసే పని మాది. పాత గుడ్డ ఊడదీసి, తెగిన పట్టీలు మార్చి, స్ప్రింగులు కట్టి, స్పాంజి సర్ది, పైన గుడ్డ బిగించి మేకులు కొట్టేది అక్క. గుడ్డ కొలిచి, కత్తిరించి, మిషను మీద కుట్టేది నేను. పొద్దున్న దుకాణం తెరవగానే గుప్పెడు చిన్న మేకులు నోట్లో పోసుకుంటుంది. నాలుకతో ఒక్కోదాన్ని పెదాల మధ్యకి తోస్తుంది. అయస్కాంతం సుత్తి దాన్ని అందుకుంటుంది. మరుక్షణం అది చెక్కలో ఉంటుంది. అందుకే వీధిలో అందరూ మేకులక్క అంటారు. ఏదడిగినా ఊఁ, ఊహూఁ తప్ప జవాబు రాకపోయేసరికి, కొత్తగా వచ్చినవాళ్ళు బిక్కమొహం వేసుకుని నా వైపు తిరుగుతారు. ఇద్దరి మాటలూ నేనే మాట్లాడతాను. బస్సు నడిపి రిటైరైన మా బావ, "మీ అక్క వాటా మాటలు కూడా నీకే రాసిచ్చేశారు మరదలా" అని ఏడిపిస్తుంటాడు.

మా దుకాణం వీధిలోంచి నాలుగు మెట్లు దిగితే వస్తుంది. కిటికీలోంచి చూస్తే దారిన పోయేవాళ్ళ చెప్పులూ బూట్లూ కనిపిస్తాయి గానీ మొహాలు కనబడవు. లోపల ఎటు చూసినా గుడ్డ చుట్టలు, విరిగిన చేతుల సోఫాలు, స్పాంజి ముక్కలు. మధ్యలో అక్క బల్ల. ఆ బల్ల మీదికి ఏ కుర్చీ వచ్చినా అక్క ముందు దాన్ని తిరగేస్తుంది. అడుగు చూడకుండా ఎవరికీ ధర చెప్పదు. పైన ఎంత పట్టు గుడ్డ కప్పినా, అడుగున పాత గుడ్డ తీయకుండానే కొత్తది కొట్టారా, పట్టీలకి బదులు అట్టముక్క పెట్టారా, అన్నీ అక్కడ బయటపడతాయి. "అడుగు చూస్తే ఆ ఇంటివాళ్ళ సంగతంతా తెలుస్తుందే" అంటుంది, మేకులు లేనప్పుడు.

ఈ పనిలో భారమంతా కుడి బొటనవేలి మీద పడుతుంది. పట్టీని లాగి బిగపట్టి, మేకు దిగేదాకా ఆ వేలితోనే అదిమి ఉంచాలి. చిన్నప్పటినుంచీ అదే పని చేస్తే ఏ వేలు మాత్రం నిలుస్తుంది? మొదట్లో కీలు అరిగింది. తరవాత వాచింది. తరవాత రాత పని మానేసింది. కూరగాయల సంచీ ఎడమ చేతికి మారింది. జాకెట్టు హుక్కులు బావ పెట్టడం మొదలుపెట్టాడు. చివరికి డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాను. ఆయన ఎక్స్‌రే తీసి చూసి, "ఆపరేషన్ చేయించుకోవాలమ్మా. ఆ తరవాత సుత్తి మళ్ళీ ముట్టుకోకూడదు. ఇలాగే లాక్కొస్తే కొన్నాళ్ళకి ఆ చేత్తో గ్లాసు కూడా పట్టుకోలేరు" అన్నాడు.

చెప్పడం తేలికే. ఆపరేషనుకి డబ్బు కావాలి, ఆ తరవాత సుత్తి పట్టకుండా బతకడానికి ఇంకా కావాలి. అక్క కొంత కూడబెట్టింది. అది సగానికి కూడా చాలదు. సరిగ్గా అలాంటి సమయంలో, మెట్లు దిగి, తల వంచుకుని లోపలికొచ్చాడు ఆ మహానుభావుడు. మొహం చూస్తే నోట్లో వేలు పెట్టినా కొరకలేడనిపిస్తుంది. నేను ఆ రోజే నంగనాచి అని పేరు పెట్టాను. ఆ పేరు వాపసు తీసుకోవాల్సిన అవసరం నాకింతవరకూ రాలేదు.

అతనికొక చిన్న కంపెనీ ఉంది. గనుల కంపెనీ అంటాడు గానీ దానికి గని లేదు. ఎక్కడో ఒక కొండని తవ్వి చూసుకోవడానికి అనుమతి ఉంది. ఆ కొండకి బోర్లు వేస్తారు. లోపలినుంచి గుండ్రటి కర్రల్లాంటి రాతి ముక్కలు పైకి తీస్తారు. వాటిలో రాగి ఎంతుందో పరీక్ష చేయించి నలుగురికీ చెబుతారు. నిజంగా గని తవ్వే స్తోమత వాళ్ళకి లేదు, ఆ ఉద్దేశమూ లేదు. లోపల సరుకుందని గట్టిగా చూపించగలిగితే పెద్ద గనుల కంపెనీ ఒకటి వచ్చి వీళ్ళని మొత్తంగా కొనేస్తుంది. ఆ రోజు ఈ చిన్న కంపెనీ షేర్లు ఎవరి దగ్గరుంటే వాళ్ళ పంట పండుతుంది. ఆశంతా ఆ ఒక్క రోజు మీదే.

ఇదంతా మాకు చెప్పడానికి రాలేదతను. ఆఫీసులో పాత చెక్క కుర్చీలున్నాయి, గుడ్డ మార్చాలి అని వచ్చాడు. ముక్కాలిపీట మీద ఒద్దిగ్గా కూర్చుని, నేనిచ్చిన టీ తాగి, "కొత్త కుర్చీలు కొనమని మావాళ్ళు గోల పెడుతున్నారక్కా. నేనే వద్దన్నాను. జనం మనకిచ్చిన డబ్బు కొండలో పెట్టాలి గానీ కుర్చీల్లో పెడితే ఎలా?" అన్నాడు.

నేను లోపల నవ్వుకున్నాను. అక్క మాత్రం సుత్తి ఆపింది.

కుర్చీలు వచ్చాయి. అక్క ఒక్కోదాన్నీ తిరగేసి చూసింది. పాతవే గానీ మంచి చెక్క. ఎవరో ఒకప్పుడు శ్రద్ధగా చేసిన పని. అడుగున మోసం లేదు. మళ్ళీ గుడ్డ వేసి వాడుకోదగ్గ కుర్చీలని పారేయకుండా తెచ్చినవాడంటే అక్కకి ఎక్కడలేని గౌరవం. మా వృత్తిలో ఉన్నవాళ్ళకే వచ్చే జబ్బు ఇది. లోకంలో మనుషులు రెండే రకాలు మా అక్కకి: పాత కుర్చీ బాగుచేయించుకునేవాళ్ళు, పారేసేవాళ్ళు. మొదటి రకంవాళ్ళు దొంగలు కాగలరని ఆవిడ కలలో కూడా అనుకోదు.

పని పూర్తయ్యాక నంగనాచి మళ్ళీ వచ్చాడు. చేతిలో ఒక గుండ్రటి రాతిముక్క. మధ్యలో పచ్చటి చారలు. "మా కొండలోదే అక్కా, మీకోసం తెచ్చాను" అని బల్ల మీద పెట్టాడు. తరవాత అసలు విషయానికొచ్చాడు. "బిల్లు ఇప్పుడే కట్టమంటే కట్టేస్తాను. కానీ మీలాంటివాళ్ళు మాతో ఉంటే బాగుంటుందనిపిస్తోంది. కావాలంటే ఆ మొత్తానికి షేర్లు రాసిస్తాను. పెద్ద కంపెనీవాళ్ళు మా చుట్టూ తిరుగుతున్నారు. ఇంతకంటే నేను బయటికి చెప్పకూడదు" అన్నాడు. చెప్పకూడని మాటని అంత చక్కగా చెప్పినవాణ్ణి నేనింకెక్కడా చూడలేదు.

"డబ్బే ఇవ్వండి" అన్నాన్నేను.

అక్క నోట్లోంచి మేకులన్నీ అరచేతిలోకి తీసుకుంది. ముఖ్యమైన మాట చెప్పాలంటేనే అలా తీస్తుంది. "షేర్లే రాయండి" అంది.

అతను వెళ్ళాక దుకాణంలో పెద్ద గొడవయింది. గొడవంటే నేనొక్కదాన్నే అరిచాను. "నీకు వాడి కొండ తెలుసా, రాగి తెలుసా? ఏం చూసి నమ్మావు?" అన్నాను.

"కుర్చీల అడుగు చూశానుగా."

"కుర్చీల అడుగు చూస్తే కొండ అడుగు కనిపించిందా?"

"పైసా పైసా చూసుకునే మనిషి. మన డబ్బు తగలెయ్యడు" అంది అక్క. మళ్ళీ మేకులు నోట్లో పోసుకుంది. ఇంక ఏం మాట్లాడతాం?

అక్కడితో ఆగినా బాగుండేది. కుర్చీల బిల్లు పోయిందనుకుని ఊరుకునేవాళ్ళం. కానీ ఆ తరవాత కంపెనీనుంచి కబుర్లు రావడం మొదలైంది. ఈ బోరులో ఇంత లోతున ఇంత మందాన రాగి తగిలింది, ఆ బోరులో అంతకన్నా తగిలింది అని. బావ కళ్ళజోడు పెట్టుకుని ఫోనులో చదివి వినిపించేవాడు. తగలని బోర్ల గురించి ఒక్క ముక్క ఉండేది కాదు. పెద్ద కంపెనీ ఇంజనీర్లు కొండ చూసి వెళ్ళారట. లెక్కలు చూసుకుంటున్నారట. అక్క వేలి ఆపరేషను కోసం దాచిన డబ్బు తీసి ఇంకొన్ని షేర్లు కొంది. అటు కంపెనీ అమ్ముడుపోతే ఇటు ఆపరేషను, ఆ తరవాత సుత్తికి సెలవు. అదీ ఆవిడ లెక్క. వేలు నొప్పి పుట్టినప్పుడల్లా ఆ రాతిముక్క వైపు ఓసారి చూసేది. దాన్ని గుడ్డ కదలకుండా బరువు కింద వాడేవాళ్ళం. అది చేసిన ఉపకారం అదొక్కటే.

ఒక ఏడు గడిచింది. ఇంకో ఏడు. కంపెనీ దగ్గర డబ్బు అయిపోయినప్పుడల్లా కొత్త షేర్లు పుట్టించి అమ్మేవాళ్ళు. ఎవరికి? మాకు కాదు. నంగనాచికీ, అతని స్నేహితులకీ, బజారు ధర కన్నా తక్కువకి. అలా పుట్టించిన కొద్దీ మా షేర్ల విలువ పలచబడుతూ వచ్చింది. పాలల్లో నీళ్ళు కలిపినవాణ్ణి వీధిలో నిలబెట్టి కడిగేస్తాం. వీళ్ళు చేసేది చట్టప్రకారం ఒప్పేనట. నాకైతే ఒళ్ళు మండిపోయేది.

తరవాత ఇంకో వింత జరిగింది. పది షేర్లు కలిపి ఒకటి చేస్తున్నామని కబురు పంపారు. నంగనాచి ఫోను వీడియోలో కనిపించి నెమ్మదిగా, చిన్నపిల్లలకి చెప్పినట్టు చెప్పాడు. "ఎవరూ కంగారు పడాల్సిన పని లేదు. మీ విలువ ఏమాత్రం తగ్గదు. సంఖ్య తగ్గుతుంది, అంతే."

సంఖ్య తగ్గింది. కొన్ని నెలలు తిరిగేసరికి విలువా తగ్గింది. పదింటిని కలిపి చేసిన ఆ ఒక్కటీ, కలపకముందు ఒక్కటి ఎంత పలికేదో అంతకే వచ్చి కూర్చుంది. "పది రొట్టెలు కలిపి ఒకటి చేశామన్నారు. తీరా చూస్తే అది ఒక రొట్టె అంతే ఉంది. మిగతా పిండి ఎవరు తిన్నట్టు?" అన్నాడు బావ. నవ్వించడానికే అన్నాడు పాపం. ఎవరమూ నవ్వలేదు.

"అమ్మేసెయ్ అక్కా, దక్కిందేదో దక్కుతుంది" అని కాళ్ళావేళ్ళా పడ్డాను.

అక్క కుడిచేతిని వేణ్ణీళ్ళ గిన్నెలో పెట్టుకుని కూర్చుంది. "ఇన్నాళ్ళు ఆగి, కొనేవాడు వచ్చే వేళకి అమ్ముకోవడమేంటే? వస్తాడు. కొండ ఎక్కడికీ పోదుగా" అంది. కొండ ఎక్కడికీ పోదు నిజమే. పోయేది వేలు. ఆ మాట నా నోటిదాకా వచ్చింది. అంత నోరున్నదాన్ని, ఆ ఒక్క మాట అనలేకపోయాను.

కొనేవాడు నిజంగానే వచ్చాడు. అదే నాకింకా మంట. అబద్ధమైనా బాగుండేది, మోసపోయాం అని నలుగురికీ చెప్పుకునేవాళ్ళం. పెద్ద కంపెనీ ముందుకొచ్చింది. పేపర్లో పడింది. నిన్నటి ధర మీద ఇంత ఎక్కువిచ్చి కొంటున్నారని అందరూ పొగిడారు. నిన్నటి ధర! నిన్నటికి ఆ ధరని పాతాళానికి తొక్కిందెవరు? అక్క కొన్న ధరతో పోలిస్తే అది పదోవంతు కూడా కాదు. పైగా దీనికి షేర్లున్నవాళ్ళంతా సమావేశానికొచ్చి ఒప్పుకోవాలట. అక్క ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుంది. వేలికి కట్టు కట్టుకుంది. నేను తోడు వెళ్ళాను.

ఎత్తయిన భవనంలో పై అంతస్తు. హాలు నిండా మావే కుర్చీలు. అక్క మొహం ఒక్కసారిగా వెలిగిపోయింది. అన్ని రోజుల తరవాత ఆ మొహంలో ఆ వెలుగు చూసి నాక్కూడా కోపం కాస్త తగ్గింది. కూర్చోబోతూ ఒక కుర్చీ చేతిని నిమిరింది. "చూశావటే, ఇన్నేళ్ళయినా గుడ్డ చెక్కు చెదరలేదు. రంగు కూడా దిగలేదు. ఎంత జాగ్రత్తగా వాడుతున్నారో" అంది. మా చుట్టూ ఉన్నవాళ్ళు కూడా మాలాంటివాళ్ళే. బడి పంతుళ్ళు, ఒక ముసలి నర్సు, మందుల దుకాణాయన. అందరి చేతుల్లోనూ అవే కాగితాలు.

నంగనాచి లేచి గొంతు సవరించుకున్నాడు. కొండ మీది అనుమతి నుంచి ఆఫీసులోని సామాను దాకా కంపెనీకున్న సమస్తమూ కొనేవాళ్ళకి వెళ్తుందన్నాడు. తమకెంత బాధగా ఉందో చెప్పాడు. ఆ తరవాత గబగబా ఇంకో మాట చదివాడు. పదవులు కోల్పోతున్న తనకీ తన డైరెక్టర్లకీ పరిహారం ఇస్తారట. దాని అంకె విన్నాక హాల్లో కొందరు దగ్గారు. ఆ డబ్బుతో మా వీధిలో ఉన్న వేళ్ళన్నిటికీ ఆపరేషన్లు చేయించొచ్చు.

అక్క చేతిలోని కాగితాలు మడిచి నా ఒళ్ళో పెట్టింది. మొహం కడుక్కొస్తానని లేచింది. నేనూ వెంట వెళ్ళాను. వరండాలో బాత్రూం అనుకుని ఒక తలుపు తోసింది. అది బాత్రూం కాదు.

నున్నటి పొడుగాటి బల్ల. దాని చుట్టూ పది కుర్చీలు. తేనె రంగు తోలు, చేతికుట్టు, అడుగున ఇత్తడి చక్రాలు. మా దుకాణానికి అలాంటి కుర్చీ ఎన్నడూ రాలేదు. అక్క వెళ్ళి, అలవాటు కొద్దీ, ఒకదాన్ని ఎడమ చేత్తో పక్కకి వంచి అడుగు చూసింది. కొన్న చీటీ ఇంకా అక్కడే అంటుకుని ఉంది. మా దగ్గరికి పాత కుర్చీలు వచ్చిన ఏడాదే కొన్నారు వీటిని.

ఆఫీసు అమ్మాయి ఒకతె పరిగెత్తుకొచ్చింది. "అమ్మా, ఇది డైరెక్టర్ల గది. సమావేశం పక్క హాల్లోనండి."

"హాల్లో ఉన్న కుర్చీలు..." అంది అక్క.

"అవా? అవి షేర్లున్నవాళ్ళ కోసమండి. ఏడాదికోసారి సమావేశమప్పుడు బయటికి తీస్తాం. మిగతా రోజులు సామాన్ల గదిలో ఉంటాయి" అంది ఆ అమ్మాయి. ఆ అమ్మాయికి ఇందులో దాచాల్సిందేమీ కనిపించలేదు.

గుడ్డ ఎందుకు చెక్కు చెదరలేదో అప్పుడు అర్థమైంది మాకు. జాగ్రత్తగా వాడి కాదు. వాడక. అక్క తన వేలు అరగదీసి బిగించిన ఆ గుడ్డ, మాలాంటివాళ్ళు వచ్చినప్పుడు మా కళ్ళకి గంతలు కట్టడానికి పనికొచ్చింది. నేను ఆ అమ్మాయి మీద విరుచుకుపడబోయాను. అక్క నా చెయ్యి పట్టుకుని హాల్లోకి నడిచింది.

"ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి" అంటున్నారప్పుడే. చాలా చేతులు లేచాయి. ఒప్పుకోక ఏం చేస్తారు? వచ్చిందేదో వస్తే చాలనుకునే స్థితికి తెచ్చారు వాళ్ళని. అయినా ఆ చేతులతో పనేమీ లేదు. నంగనాచీ అతని స్నేహితులూ తమ ఓట్లు ముందే వేసేశారు. అవే సరిపోయాయి.

"వద్దనేవాళ్ళు?"

అక్క నిలబడి కుడి చెయ్యి ఎత్తింది. కట్టు కట్టిన వేలితో. హాలంతా ఆ ఒక్క చెయ్యే. "లోపల గదిలో కుర్చీలు ఎవరి డబ్బుతో కొన్నారు?" అని అడిగింది. గొంతు పెద్దది కాదు. కానీ అందరికీ వినపడింది.

నంగనాచి నవ్వాడు. "అక్కా, ఇవాళ మనం మాట్లాడుకోవాల్సిన విషయాల్లో అది లేదు. ధన్యవాదాలు" అన్నాడు. కాగితం తిరగేశాడు. అంతే. మా అక్క ప్రశ్నకి ఈ లోకంలో దొరికిన జవాబు అది. నేను లేచి, "పదవి పోతే మీకు పరిహారం, వేలు పోతే మాకేంటి?" అని అరిచాను. పక్కనున్న మందుల దుకాణాయన కూర్చోమన్నట్టు నా కొంగు లాగాడు. సిగ్గుపడాల్సినవాళ్ళు పైన నిలబడి ఉన్నారు, నన్ను కూర్చోమంటాడు!

డబ్బు వచ్చింది. డాక్టరు ఫీజు, వేలికి తొడుక్కునే తోలు పట్టీ, దుకాణం అద్దె బాకీ. వాటితో సరి. ఆపరేషన్ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. అక్క సుత్తిని ఎడమ చేతికి మార్చుకుంది. ఆ వయసులో ఎడమ చేత్తో మేకు కొట్టడం నేర్చుకుంటుంటే, మొదట్లో మేకులు వంకర పోయేవి. పీకి మళ్ళీ కొట్టేది. ఆ చప్పుడు వింటూ మిషను తొక్కుతుంటే నాకు కళ్ళు మసకలు కమ్మేవి. నంగనాచిని తిట్టడానికి నాకు తెలిసిన తిట్లన్నీ అయిపోయి కొత్తవి కల్పించుకునేదాన్ని. ఆవిడ మాత్రం ఒక్క మాట అనలేదు. నోట్లో మేకులున్నాయిగా మరి.

కొన్ని నెలలయ్యాక ఒక మధ్యాహ్నం కిటికీ ముందు వ్యాను చక్రాలు ఆగాయి. డ్రైవరు మెట్లు దిగి వచ్చాడు. వెనకాలే కుర్చీలు దిగాయి. తేనె రంగు తోలు. పదీ.

"సారు కొత్త కంపెనీ పెట్టారండి. ఈసారి బ్యాటరీల్లో వేసే ఖనిజమట" అన్నాడు డ్రైవరు. "తోలు పైకి కనపడకుండా మామూలు నూలు గుడ్డ వేయమన్నారు. పాతవాటిలా ఉండాలట. బిల్లుకి కొత్త కంపెనీ షేర్లిస్తారట. ఇదివరకు మీరు తీసుకున్నారని చెప్పారు."

నేను కత్తెర కింద పెట్టాను. ఏమన్నానో ఇక్కడ రాయలేను. ఆ డ్రైవరు పాపం రెండు మెట్లు వెనక్కెక్కాడు. అక్క నోరు విప్పకుండానే, ఇక్కడ పెట్టి వెళ్ళమన్నట్టు గోడ వైపు వేలు చూపించింది.

అతను వెళ్ళాక నా నోరు ఇంక ఆగలేదు. "నీకు సిగ్గుందా అసలు? వాడి వేషాలకి మళ్ళీ నువ్వే గుడ్డ కడతావా? వేలు చాల్లేదా, చెయ్యి కూడా రాసిస్తావా?" అన్నాను. అక్క మేకులు ఒక్కొక్కటే అరచేతిలోకి తీసుకుంది.

"నూలు గుడ్డ కొయ్యి. ఒక్క కుర్చీకి సరిపడా" అంది.

నాకు అర్థం కాలేదు. కోసిచ్చాను. ఆ ఒక్క కుర్చీకీ ఎంత శ్రద్ధగా చేసిందంటే, నొప్పికి కళ్ళు మూసుకుని మరీ మూలలు మడిచింది. అడుగు కూడా శుభ్రంగా మూసింది.

చెప్పిన రోజుకి డ్రైవరు వ్యానుతో వచ్చాడు. అక్క ఆ ఒక్క కుర్చీ ముందుకు తోసి, బల్ల మీది రాతిముక్క తీసి దాని మధ్యలో పెట్టింది.

"మిగతావండీ?" అన్నాడతను.

"కలిపి ఒకటి చేశాను. పదికి ఒకటి. విలువ ఏమాత్రం తగ్గలేదని మీ సారుతో చెప్పు. సంఖ్య తగ్గింది, అంతే."

డ్రైవరు గోడ వారగా ఉన్న తొమ్మిదింటినీ చూశాడు. అక్కని చూశాడు. అతను మీసాల కింద నవ్వు దాచుకోవడం నాకు కనిపించింది. రాయితో సహా కుర్చీ ఎత్తుకుని మెట్లెక్కాడు.

సాయంత్రంలోగా నంగనాచి దగ్గర్నుంచి ఫోనొచ్చింది. మొదట అక్కా అన్నాడు. తరవాత అమ్మా అన్నాడు. తరవాత పోలీసులన్నాడు. అక్క ఫోను అందరికీ వినబడేలా బల్ల మీద పెట్టింది. "పిలవండి బాబూ. ఆఫీసు సామానంతా కొన్నవాళ్ళకి వెళ్తుందని మీరే చదివారు కదా ఆ రోజు. ఈ కుర్చీలు మీ వ్యాను ఎలా ఎక్కాయో వాళ్ళ ముందే మాట్లాడుకుందాం" అంది. అవతల అతను ఠక్కున ఫోను పెట్టేశాడు. మళ్ళీ చేయలేదు, పోలీసులూ రాలేదు.

ఆ తొమ్మిది కుర్చీలూ ఇంకా మా దగ్గరే ఉన్నాయి. అవి అమ్మి ఆపరేషన్ చేయించుకోమని బావా నేనూ పోరు పెడుతూనే ఉన్నాం. కొనేవాళ్ళు రోజూ ఎవరో ఒకరు అడుగుతున్నారు కూడా. "మనవి కావు" అంటుంది అక్క. మరి వాడివా అంటే, "వాడివీ కావు" అంటుంది. కొన్న పెద్ద కంపెనీ వాళ్ళకి రెండుసార్లు ఫోను చేసి, మీ కుర్చీలు తీసుకెళ్ళండి అని చెప్పింది. తొమ్మిది కుర్చీల కోసం వచ్చే తీరిక అక్కడెవరికీ లేదు. అంత పెద్ద కొండ కొన్నవాళ్ళకి ఇవి కంటికి ఆనుతాయా?

వేలు అలాగే ఉంది. ఇంకొంచెం వంగింది. అక్క ఎడమ చేత్తో కొడుతూనే ఉంది. నంగనాచి కొత్త కంపెనీ షేర్లు బాగా పోతున్నాయని మొన్న బావ ఫోనులో చదివాడు. చదివి, ఫోను బోర్లించాడు. కొత్త ఆఫీసు ఫోటో కూడా వేశారట. అందులో వాటాదార్లు కూర్చోవడానికి పాత చెక్క కుర్చీలు ఉన్నాయట. నాకు అన్నం సహించలేదు ఆ పూట.

మా దుకాణానికి ఎవరొచ్చినా, చిరిగిన మెత్త బాగుచేయించుకోవడానికొచ్చిన ముసలామె అయినా, దారి అడగడానికి మెట్లు దిగినవాళ్ళయినా, అక్క ముక్కాలిపీట చూపించదు. నోట్లో మేకులతో ఊఁ అంటూ ఆ తోలు కుర్చీల వైపు చెయ్యి చూపిస్తుంది. వాళ్ళు మొహమాటపడి నిలబడే ఉంటే, లేచి వెళ్ళి, భుజం పట్టుకుని కూర్చోబెడుతుంది.